టీచరమ్మ చెప్పిన తెల్లపొడి

బట్టీ పక్క ఇల్లు,
కుట్టు మిషను ముందు నుంచి.

అమ్మడూ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి, అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం ఎందుకులే అని ఆగాను. బయట ఎండ మండిపోతోంది. మా వసారా నేల మాత్రం ఎంత తుడిచినా ఆరడం లేదు. మీ అన్నయ్య పొద్దున దానిమీద జారి, గోడ పట్టుకుని, గోడకున్న అద్దంతో సహా కూలబడ్డారు. నడుముకేం కాలేదు. అద్దం పోయింది.

సంగతి ఏమిటంటే, ఈతకొలను కట్టేవాళ్ళు వచ్చి గోడలన్నిటికీ నీలం టైల్స్ కావాలన్నారు. ఈయన మీసం తిప్పి ఒప్పుకున్నారు. వాళ్ళు గేటు దాటగానే తల పట్టుకుని కూచున్నారు. టైలు మీద ఈయన వేసే పూతలో రాగిపొడి కలిపితే రంగు ఆకుపచ్చలోకి పోతుందట. లిథియం కార్బొనేట్ అనే తెల్లపొడి కూడా పడితేగానీ నీలంగా తేలదట. ఈ ముక్క నాతో అనలేదు, గోడతో అన్నారు. నేను గోడ పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

పోయినేడు ఇదే వసారాలో టైల్స్ కొనడానికి వచ్చినాయన ఒకటి చేతిలో పట్టుకుని ఇది ఏం రంగండీ అని అడిగితే, మీ అన్నయ్య నీలం అన్నారు, నువ్వు ఆకుపచ్చ అన్నావు. ఆ పెద్దమనిషి మీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, టైలు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అతని వెనకే నువ్వు సంచీ తీసుకుని వెళ్ళిపోయావు. అప్పటినుంచీ అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. జనం ఆస్తికోసం విడిపోతారు, పంతంకోసం విడిపోతారు. రంగుకోసం విడిపోయినవాళ్ళని మిమ్మల్నే చూశాను. ఇప్పుడు చూడు, నీలమే అని ఏడాదిగా వాదిస్తున్న మనిషి నీలం రావడానికి మందు వెతుక్కుంటున్నాడు. నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టే కదా. కానీ నోటితో ఒప్పుకోమంటే ప్రాణం పోతుంది.

ఆ పొడి తయారుచేసేది ఈ చుట్టుపక్కల మీ ఫ్యాక్టరీ ఒక్కటే. అక్కడినుంచి తెప్పించండి అన్నాను. "అది చేసిన పొడి నా బట్టీ గడప తొక్కదు" అన్నారు. తొక్కకపోతే మానె. తనే తయారుచేస్తారట. మూతపడిన ఒక కోల్డ్ స్టోరేజీవాళ్ళు పాత సామాను అమ్మేస్తుంటే లిథియం క్లోరైడ్ డ్రమ్ము ఒకటి మోసుకొచ్చారు. అక్కడ గాలిలో చెమ్మ పీల్చడానికి వాడేవారట. మూత తీసి పెట్టారు. రాళ్ళలా ఉన్న ముక్కలు రెండు పూటల్లో గాలిలోని నీళ్ళు తాగేసి పాకంలా కారాయి. ఆ కారిందే వసారాలో ఆరనిది. నేను తుడుస్తాను, అది మళ్ళీ గాలిని పిలిచి నీళ్ళు పోయించుకుంటుంది.

దాన్నుంచి తెల్లపొడి ఎలా చెయ్యాలో కాస్త రాయి. నువ్వు రాశావని చెప్పను. నా ఇల్లు నాకు తిరిగిరావాలి.

నీ వదిన


లవణాల ఫ్యాక్టరీ,
రెండో అంతస్తు, లేబొరేటరీ.

వదినా,

మీ ఆయనగారు పడ్డారని చదివి నవ్వాను. అద్దం పోయిందని చదివి బాధపడ్డాను. నీ పెళ్ళినాటి అద్దం కదా.

తయారీ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆ క్లోరైడ్‌ని నీళ్ళలో కరిగించమను. కరిగేటప్పుడు బకెట్ దానంతటది వేడెక్కుతుంది, పొయ్యిమీద పెట్టావా అని నిన్ను తిట్టవద్దని చెప్పు. ఇంకో బకెట్లో బట్టల సోడా కరిగించి, వడకట్టి, దీన్ని దాన్లో పొయ్యాలి. వెంటనే పాలు విరిగినట్టు తెల్లగా విరుగుతుంది. అడుగుకి దిగే ఆ తెల్లటిదే లిథియం కార్బొనేట్. పైన ఉండే నీళ్ళలో మనం కూరలో వేసుకునే మామూలు ఉప్పు పుడుతుంది. ఆ ఉప్పు పొడికి అంటుకుని ఉంటే బట్టీలో టైలు పొక్కులు తేలుతుంది. అందుకని గుడ్డలో వడకట్టి, నీళ్ళు పోసి బాగా కడగాలి. ఎప్పటిదాకా అంటే, ఒక శుభ్రమైన తీగ ఆ పొడిలో ముంచి గ్యాసు మంటలో పెట్టాలి. మంట పసుపుగా వస్తే ఇంకా ఉప్పుందని. ఎర్రగా, కుంకుమరంగులో వస్తే ఉప్పు పోయిందని. అంతవరకూ కడుగుతూనే ఉండాలి.

బకెట్లు ముందు కడుక్కోవాలి. కడిగానని అబద్ధం చెప్పకూడదు. నీ వంటగిన్నెలు మాత్రం ముట్టుకోనివ్వకు. ఆ పొడి డాక్టరు తూచి ఇస్తే కొందరికి మందు. ఇష్టమొచ్చినట్టు నోట్లో పడితే విషం. కడిగిన నీళ్ళు మొక్కలకీ పొయ్యద్దు.

ఇంక నా కబురు. కూచుని చదువు. నేను పెళ్ళి చేసుకుంటున్నాను. మా బాయిలర్ చూసుకునే ఆయన్ని. నాకు పనికోసం పొద్దున్నే మరిగే నీళ్ళు కావాలి. వాటికోసం కెటిల్ పట్టుకుని రోజూ మెట్లు దిగి దిగి, నీళ్ళు కాగేదాకా నిలబడి నిలబడి, చివరికి ఇలా తేలింది. నెమ్మదస్తుడు. నేను గయ్యిమంటే వాల్వు తిప్పినట్టు పక్కకి తిరిగి వినేస్తాడు. వానలు వెనకబట్టాక ఆయన్ని ఇంకో ఊరి ఫ్యాక్టరీకి మారుస్తున్నారు. ఆలోగా రిజిస్ట్రారు దగ్గర సంతకాలు పెట్టాలి.

పెళ్ళికి అన్నయ్య రావాలి, వదినా. రాకపోతే నాకది పెళ్ళిలా ఉండదు. కానీ నేను పిలవను. ఏడాదిపాటు నా ఊసెత్తని మనిషిని బతిమాలను. "నేను రావచ్చా" అని తనంతట తను అడగాలి. ఈ సంగతి నువ్వు అన్నయ్యకి చెప్పావో, ఇక ఈ జన్మలో నీకు ఉత్తరం రాయను. ఒట్టు పెట్టుకో.

నీ మరదలు


బట్టీ పక్క ఇల్లు,
వసారాలో కాలు పెట్టకుండా.

అమ్మడూ,

ఎంత చల్లని కబురు చెప్పావు. నీ ఉత్తరం చదివి, కుడుతున్న చొక్కాకి ఒకే పక్క రెండు చేతులూ అతికించేశాను. ఒట్టు పెట్టుకున్నాను గానీ, కడుపులో దాచుకోలేక చస్తున్నాను. అన్నం తింటుంటే పైకొచ్చేస్తోంది.

తయారీ ఎవరు చెప్పారంటే ఏమనాలి? నా దగ్గర బట్టలు కుట్టించుకునే కెమిస్ట్రీ టీచరమ్మ చెప్పిందన్నాను. ఆయన నమ్మేశారు. నమ్మడమేమిటి, నెత్తిన పెట్టుకున్నారు. "చెబితే అలా చెప్పాలి. కొందరుంటారు, ఎంత చదువుకున్నా నోరొక్కటే పనిచేస్తుంది" అన్నారు. ఆ కొందరు ఎవరో నేను అడగలేదు. టీచరమ్మకి తన నమస్కారాలు చెప్పమన్నారు. చెప్పాను, పుచ్చుకో.

ఇక జరిగింది విను. బకెట్ నిజంగానే వేడెక్కింది. నేను వేడినీళ్ళు కలిపానని ముందు తిట్టి, తర్వాత టీచరమ్మ మాట గుర్తొచ్చి ఊరుకున్నారు. సోడా నీళ్ళు పొయ్యగానే తెల్లగా విరిగింది. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. గుడ్డలో వడకడితే పెద్ద గిన్నెడు ముద్ద వచ్చింది. కడగడం మొదలుపెట్టారు. తీగ ముంచి మంటలో పెడితే పసుపు. మళ్ళీ కడిగారు. పసుపు. మళ్ళీ కడిగారు. కుళాయి కింద నేను బకెట్లు పడుతూనే ఉన్నాను. చేతులు పడిపోయాయి. చివరికి మంట ఎర్రగా వచ్చింది. ఎంత బాగుందనుకున్నావు, పట్టుచీర అంచులా ఉంది. ఆయన గర్వంగా గుడ్డ విప్పి చూపించబోయారు.

గుడ్డలో చెంచాడు పొడి ఉంది.

గిన్నెడు ముద్ద ఎక్కడికి పోయిందే? గుడ్డకి చిరుగులేమైనా ఉన్నాయేమోనని వెలుగుకి పట్టి చూశారు. కుట్టుపని చేసేదాన్ని, నా గుడ్డకి చిరుగా? ఆ మాటమీద మా ఇద్దరికీ కాసేపు మాటల్లేవు. మీ ఇంటివాళ్ళకి ఇది అలవాటేమో గానీ నాకు అలవాటు లేదు. సాయంత్రానికి నేనే మాట్లాడేశాను.

టీచరమ్మని అడిగి రమ్మన్నారు.

నీ వదిన


లేబొరేటరీ,
కిటికీ పక్క బల్ల.

వదినా,

కొందరుంటారట. నోరొక్కటే పనిచేస్తుందట. ఈ ముక్క రాసిన నీ చేతిని ఏమనాలో తెలియడం లేదు. నీ టీచరమ్మ అంటే నాకే ఒళ్ళు మండిపోతోంది. మా లేబొరేటరీలో ఆవిడ ఉంటే ఈపాటికి జుట్టు పట్టుకుని ఉందును. బాయిలర్ చూసే ఆయనతో అంటే, నీమీద నీకే అసూయ ఏమిటని నవ్వాడు. నవ్వినందుకు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వన్నట్టు మా ఇంటి అలవాటే అయ్యుంటుంది.

పొడి ఎటు పోయిందో నేనెలా చెప్పను? పొడిగా ఉంటే గాలికెగిరిందనుకోవచ్చు. తడి ముద్ద ఎగరదు. టీచరమ్మ చెప్పిందని ఇలా చెప్పు. కడగడం మాత్రం తగ్గించకూడదు, మంట ఎర్రబడాల్సిందే. ఇంకా ఏమైనా తేడా ఉంటే ఉత్తరాలతో, మాటలతో తేలే పని కాదు, ఈ పొడి రోజూ చేసేవాళ్ళని ఎవరినైనా నేరుగా అడగడం మంచిది. అలాంటివాళ్ళు ఏ ఫ్యాక్టరీలోనైనా ఉంటారు. ఒక కార్డుముక్క రాస్తే వాళ్ళు వెంటనే చెబుతారు. ఇదంతా టీచరమ్మ మాటగానే చెప్పు. ఫ్యాక్టరీ అన్నచోట కాస్త ఆగి, మొహం చూడు.

వానలు మొదలయ్యాయి. బాయిలర్ గది రేకుల మీద చప్పుడుకి ఆయన చెప్పేది వినిపించక నేను అన్నిటికీ ఊ అంటున్నాను. దేనికి ఒప్పుకుంటున్నానో నాకే తెలియదు.

నీ మరదలు


బట్టీ పక్క ఇల్లు,
పిల్లి కాపలాలో.

అమ్మడూ,

ఫ్యాక్టరీ అన్నచోట ఆగాను. మొహం చూశాను. మొహం బట్టీ తలుపులా బిగిసింది. "టీచరమ్మ మంచావిడే గానీ లోకం తెలియదు. ఫ్యాక్టరీవాళ్ళు అన్నీ చెబుతారా?" అని మళ్ళీ బకెట్ల ముందు కూచున్నారు.

రెండోసారి చేశారు, పొడి పోయింది. మూడోసారి చేశారు, పోయింది. ఇక ఇంట్లో దొంగ ఉన్నాడని తేల్చేశారు. ముందు ఎలకలన్నారు. ఎలకలు తింటే చచ్చి పడాలి కదా అంటే, అవి బయటికి వెళ్ళి చస్తాయన్నారు. తర్వాత పిల్లిమీద పడ్డారు. విషమని నువ్వు రాశావు కదా, పాపం దానికేమైనా అవుతుందేమోనన్న భయం కూడా ఉందిలే. పిల్లిని ఒడిలో పెట్టుకుని, మూతి తుడిచి, తుడిచిన గుడ్డని తీగతో మంటలో పెట్టారు. పసుపుగా వచ్చింది. అంటే మూతికి ఉన్నది మన ఉప్పే, లిథియం కాదు. ఉప్పుచేప తిన్నదన్నమాట. పిల్లి నిర్దోషి అని ప్రకటించి పాలు పోయించారు. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి నన్నంటున్నారనుకున్నాను గానీ, తర్వాత నేరుగా నామీదికే వచ్చారు. నేను బట్టమీద గీతలు గీసుకునే సుద్దముక్క ఉంటుంది చూడు, అది ఈమధ్య కొత్తగా కనిపిస్తోందట. దాన్ని కూడా మంటలో పెట్టారు. కాస్త నారింజరంగు వచ్చింది, కుంకుమరంగు కాదు. నేనూ నిర్దోషినే. నాకు పాలు పొయ్యలేదు.

నవ్వుకోవడానికి ఇదంతా రాశాను గానీ, అమ్మడూ, మనిషి చిక్కిపోయారు. ఈతకొలనువాళ్ళు వచ్చి నమూనా టైలు అడిగారు. ఉన్న చెంచాడు పొడితో ఒకే ఒక్కటి కాల్చారు. ఎంత చక్కని నీలం వచ్చిందంటే, అందరం చేతులు మార్చుకుంటూ వెలుగులో తిప్పి తిప్పి చూశాం. వాళ్ళకి బాగా నచ్చింది, కానీ మిగతావి ఎప్పుడని అడిగారు. ఈయన వానని తిట్టడం మొదలుపెట్టారు. వాళ్ళు వెళ్ళాక ఆ నమూనా టైలుని గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి, "టీచరమ్మకి ఇవ్వు. ఆవిడ చెప్పబట్టే వచ్చింది" అన్నారు. అది నా మిషను సొరుగులో ఉంది. ఏం చెయ్యమంటావు?

నీ వదిన


లేబొరేటరీ.

వదినా,

ఆ టైలు నాకు పంపకు. చూడలేను.

బాయిలర్ ఆయనకి బదిలీ కాగితం వచ్చింది. రిజిస్ట్రారు దగ్గర పేర్లు ఇచ్చి వచ్చాం. సాక్షి సంతకాలకి ఎవరున్నారని అడిగితే, ఆయన తన తరఫున వెంటనే ముగ్గురి పేర్లు చెప్పాడు. నా వైపు ఎవరు అన్నారు. చెబుతాను అన్నాను.

అన్నయ్య అసలు ఎప్పుడైనా నా పేరెత్తుతాడా? దాచకుండా రాయి. లేదంటే లేదనే రాయి.

నీ మరదలు


బట్టీ పక్క ఇల్లు,
కోపంగా.

ఏమే,

ఈ ఉత్తరంలో నిన్ను అమ్మడూ అనను. చదువుతూ ఉంటే ఎందుకో నీకే తెలుస్తుంది.

కుళాయి నీళ్ళు వచ్చేది పూటకొకసారి. బకెట్లకి బకెట్లు కడిగి పారబోస్తుంటే నాకు ప్రాణం ఒప్పక, మొక్కలకి పొయ్యద్దన్నావు కదా అని, ఈసారి ఆ కడిగిన నీళ్ళన్నీ ఒక డ్రమ్ములో పట్టి ఉంచాను. బట్టీలో మట్టి తుడిచే గుడ్డలు ఉడకబెట్టడానికి పనికొస్తాయి కదా అని. ఇవాళ వంటకి వాడని పెద్ద డేగిసాలో ఆ నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టాను. అద్దంలా తేటగా ఉన్న నీళ్ళు. వేడెక్కేకొద్దీ మసకబారాయి. మరిగేసరికి సున్నం కలిపినట్టయ్యాయి. కర్ర పెట్టి కలిపి చూస్తే అడుగున తెల్లటి పొడి. మసి పట్టిందేమోననుకున్నాను, మసి తెల్లగా ఉండదు కదా. తీగ ముంచి మంటలో పెట్టాను. ఈ ఇంట్లో ఇప్పుడు అందరికీ అది వచ్చేసింది. ఎర్రగా వచ్చింది.

కాసేపు డేగిసా ముందే చతికిలబడ్డాను. ఇది ప్రపంచంలో లేని ఉప్పు. చక్కెర, ఉప్పు, సోడా, ఏదైనా వేడిచేస్తే ఎక్కువ కరుగుతుంది. ఇది చల్లనీళ్ళలో కరిగి, వేడి తగిలితే బయటికొచ్చేస్తుంది. మేం కుళాయి కింద పెట్టి చల్లగా కడుగుతున్నాం. కడిగిన ప్రతి బకెట్‌లోనూ కాస్త కాస్త కరిగిపోయింది. దొంగ మేమే.

అప్పుడు గుర్తొచ్చింది, నీ కెటిల్. నీకు పనికి రోజూ మరిగే నీళ్ళు కావాలి. వాటికోసం మెట్లు దిగి దిగి మొగుణ్ణి సంపాదించుకున్నావు. నువ్వు పొడి కడిగేది మరిగే నీళ్ళతో. మాకు రాసింది ఉత్త నీళ్ళు అని. మరిచిపోయావా? రోజూ చేసే పనిని ఎవరైనా మరిచిపోతారా? పైగా మంట ఎర్రబడేదాకా కడుగుతూనే ఉండండి అని రెండుసార్లు రాశావు.

ఆయన మొండివాడే, ఒప్పుకుంటాను. కానీ ఆయన బకెట్ల ముందు గొంతుక్కూచుని పొద్దస్తమానం కడిగారు. నేను నీళ్ళు పట్టి పట్టి చేతులకి పుళ్ళు చేసుకున్నాను. పిల్లి మూతి తుడిచిన గుడ్డకి మంట చూపించారు. ఇదంతా నువ్వు అక్కడ కూచుని నవ్వుకోవడానికా? మీ అన్నాచెల్లెళ్ళ పంతంలో నన్ను రోలుకీ రోకలికీ మధ్య పెట్టారు.

ఆయన నీ పేరెత్తుతారా అని అడిగావు కదా. ఎత్తరు. ఇప్పుడు నేనూ ఎత్తను.

వదిన


లేబొరేటరీ,
అందరూ వెళ్ళిపోయాక.

వదినా,

నవ్వుకోవడానికి కాదు. ఒట్టు.

మొదటి ఉత్తరంలో కావాలనే వేడి అన్న మాట రాయలేదు. రాశాను, కొట్టేసి, మళ్ళీ వేరే కాగితంమీద శుభ్రంగా రాశాను. ఒక్కసారి పోతుంది, ఇక దారిలేక నాకు కార్డుముక్క రాస్తాడు అనుకున్నాను. ఏడాదిగా నేను ఎదురుచూసింది ఆ కార్డుముక్క కోసమే. "ఇది ఎందుకు పోతోందే" అని ఒక్క లైను రాస్తే చాలు, ఆ రాత్రికే బస్సెక్కి వచ్చేసేదాన్ని. అన్నయ్య రాయలేదు. మళ్ళీ కడిగాడు. నేను పట్టుబట్టాను. అన్నయ్యా పట్టుబట్టాడు. మధ్యలో నువ్వు నీళ్ళు పట్టావు. నీ చేతులకి పుళ్ళని చదివాక నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రెండు నీళ్ళూ కలిపేముందే బాగా కాచాలి. మరుగుతుండగా కలిపితే పొడి ఎక్కువ దిగుతుంది. వేడిమీదే వడకట్టాలి, చల్లారనివ్వకూడదు. కడగడానికి మరిగే నీళ్ళే, అదీ కొంచెం కొంచెంగా. పారబొయ్యని నీళ్ళు ఇంకా డ్రమ్ములో ఉంటే మరిగించి, సగానికి ఇగరబెట్టి, వచ్చిన పొడి దించుకోండి. ఆవిరి తగలకుండా చేతులకి మందపాటి గుడ్డ చుట్టుకో. కాదు, నువ్వు చెయ్యకు. అన్నయ్యనే చెయ్యమను.

ఒట్టు తీసేస్తున్నాను. అన్నీ చెప్పెయ్. టీచరమ్మ లేదని, నేనేనని, వేడినీళ్ళ సంగతి దాచానని, పెళ్ళని. అడగాలన్న షరతు కూడా లేదు. ఇంత చేశాక రమ్మని పిలవడానికి నాకే మొహం లేదు. అన్నయ్య తిడితే అక్షరం పొల్లుపోకుండా రాయి. తిట్టకపోతే మాత్రం ఏం రాయకు, భరించలేను.

బాయిలర్ చూసే ఆయన చదివి, "పాపం మీ అన్నయ్య" అన్నాడు. ఈసారి ఆయనమీద కోపం రాలేదు.

అమ్మడు అని నేనే రాసుకుంటున్నాను


ఇది పోస్టులో వేసిన ఉత్తరం కాదు.

అమ్మడూ,

అన్నీ చెప్పేశాను. మిషను ముందు కూచోబెట్టి, తలుపు గడియ పెట్టి, మొదటినుంచీ చెప్పాను. తిడతారని వేచి చూశాను. ఆయన సొరుగు లాగి, టీచరమ్మకని ఇచ్చిన టైలు ఇంకా అక్కడే ఉండటం చూసి, "నీ చేతికిచ్చి ఇన్నాళ్ళయింది, దానికి పంపించలేదేం?" అన్నారు.

దానికి అంటే ఎవరికండీ అన్నాను.

ఆయనకి మొదటి రోజే తెలుసట. ఏ టీచరమ్మ అయినా బకెట్లు కడిగానని అబద్ధం చెప్పద్దు అంటుందా, చిన్నప్పటినుంచీ ఆ మాట అనేది ఒక్కతే అన్నారు. తెలిసి ఎందుకు ఊరుకున్నారండీ అని అడిగాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అడిగితే అది బిగుసుకుపోయి రాయడం మానేస్తుందేమోనని. టీచరమ్మ పేరుతోనైనా నాతో మాట్లాడుతోంది కదా, మాట్లాడనీ అనుకున్నాను."

పొడి పోతున్నా మళ్ళీ మళ్ళీ ఎందుకు కడిగారు, ఏదో తిరకాసు ఉందనిపించలేదా అంటే, అనిపించిందట. అయినా ఎర్రబడేదాకా కడగమని నువ్వు చెప్పావు కాబట్టి కడిగారట. అంతే అన్నారు. తిట్టలేదమ్మా. రాయద్దన్నావు గానీ రాయకుండా ఎలా ఉంటాను. నేను కాసేపు వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకుని వచ్చాను.

తర్వాత వేడినీళ్ళతో చేశారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. గిన్నెడు ముద్ద గిన్నెడుగానే మిగిలింది. చూసి ఎంత పొంగిపోయారంటే, గుడ్డ పట్టుకుని వీధిలోకి వెళ్ళి ఎదురింటివాళ్ళకి చూపించారు. వాళ్ళు అది పిండి అనుకుని పిండిమర ఎక్కడుందని అడిగారట. ఇప్పుడు బట్టీ నిండా టైల్స్ ఉన్నాయి, కాలుతున్నాయి. దగ్గర ఉండి చూసుకోవలసిన మనిషి, బట్టీ నాకు అప్పజెప్పి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నారు. అది నేను రెండు చేతులూ ఒకే పక్క అతికించిన చొక్కాయే. విప్పి మళ్ళీ కుట్టాను. ఎడమచెయ్యి కాస్త పొట్టి. అడగవద్దు.

ఏం అడగాలో ఆయనకి బాగా నేర్పాను. "నేను రావచ్చా" అని, రెండంటే రెండు మాటలు. నువ్వు షరతు తీసేశావని చెప్పాను. అది తీసేసినా తను అడగాల్సిందేనన్నారు. బస్సు దాకా అనుకుంటూనే వెళతారు. కానీ ఆయన సంగతి నీకు తెలుసు కదా, నిన్ను చూడగానే నోరు ఎండిపోతుంది. ఎండిపోతే వాననో బస్సునో తిట్టడం మొదలుపెడతారు. తిట్టనివ్వు. మధ్యలో ఎక్కడో అడుగుతారు.

ఈ ఉత్తరం నీ తలుపు కిందనుంచి లోపలికి తోసి, నువ్వు చదవడం అయ్యేదాకా మాట్లాడకుండా మెట్లమీద నిలబడమని చెప్పాను. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు. పెళ్ళి జాకెట్టు కొలతలు అడిగానని చెప్పాను.

చాలాసేపటినుంచి నిలబడి ఉంటారు. ఇంక చదవడం ఆపి, తలుపు తియ్యి.

నీ వదిన